ఎండుద్రాక్ష వసారాలో ఏడు రోజులు

స్పెయిన్ తూర్పు తీరంలోని షాబియాలో విల్లా సెలవులంటే చూసి తీరాల్సిన వాటి జాబితా ఏదీ ఉండదు. బంధుమిత్రులంతా ఒకే కప్పు కింద తీరిగ్గా గడపడమే పని. అయితే ఆ కప్పు ఎవరిదన్న ప్రశ్న కొన్నేళ్లుగా స్పెయిన్ వీధుల్లో గట్టిగా వినిపిస్తోంది.

పది రోజులు, ఆరు దేశాలు, పన్నెండు నగరాలు. యూరప్ యాత్ర అనగానే హైదరాబాద్, విజయవాడల్లోని ట్రావెల్ ఏజెంట్లు చేతిలో పెట్టే కాగితం చాలాకాలంగా ఇలాగే ఉంటోంది. తెల్లవారకముందే బస్సెక్కాలి. ఈఫిల్ టవర్ దగ్గర ఒక ఫొటో, ఆల్ప్స్ మంచులో మరో ఫొటో, రాత్రి ఏ భారతీయ రెస్టారెంట్‌లోనో చల్లారిన పప్పన్నం. తిరిగొచ్చాక ఏ చర్చి ఏ ఊళ్లో చూశారో ఫొటోల మీది తేదీలు వెతికితే తప్ప గుర్తురాదు.

దీనికి పూర్తిగా భిన్నమైన సెలవు మరొకటుంది. ఒకే ఊరు, ఒకే ఇల్లు, ఏడు రోజులు. ఇంగ్లండ్, జర్మనీ, నెదర్లాండ్స్ కుటుంబాలు దశాబ్దాలుగా స్పెయిన్ తీరంలో చేస్తున్నది ఇదే. కొండవాలున తెల్లగోడల ఇల్లొకటి వారానికి అద్దెకు తీసుకుంటారు. తాతామామ్మలు, పిల్లలు, అన్నదమ్ముల సంసారాలు, కాలేజీ రోజుల స్నేహితులు కలిసి పది పన్నెండు మంది దిగుతారు. కొడుకు డాలస్‌లో, కూతురు లండన్‌లో, తల్లిదండ్రులు గుంటూరులో ఉన్న తెలుగు కుటుంబాలకు కూడా ఈ పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది. కొడుకు ఇంటికెళ్తే కోడలికి శ్రమ, కూతురి ఇంటికెళ్తే అల్లుడికి మొహమాటం. అద్దె ఇంట్లో మాత్రం ఎవరూ అతిథులు కారు, ఎవరూ ఇంటివారూ కారు.

మూడు ముక్కల ఊరు

ఇలాంటి ఇళ్లకు పేరుమోసిన తీరం కోస్తా బ్లాంకా. అలికాంతే ప్రావిన్స్‌లో ఆ తీరం ఉత్తరపు కొసన, భూమి మధ్యధరా సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన చోట షాబియా ఉంది. స్పానిష్‌లో దీన్ని హావెయా అంటారు. స్థానికులు మాట్లాడుకునే వలెన్సియన్ భాషలో షాబియా. ఉత్తరాన శాన్ ఆంటోని అగ్రం, దక్షిణాన నావ్ అగ్రం, వెనక 753 మీటర్ల మోంట్గో కొండ. ఆకాశం తేటగా ఉన్న రోజు నావ్ అగ్రం మీద నిలబడితే సముద్రానికి ఆవల ఇబిసా ద్వీపం మసకగా కనిపిస్తుంది.

ఊరు మూడు ముక్కలుగా ఉంటుంది. ఒకటి చేపల రేవు. రెండోది ఇసుక తీరం ఉన్న అరెనాల్. మూడోదైన పాత ఊరు మాత్రం సముద్రానికి దాదాపు రెండు కిలోమీటర్లు లోపలికి ఉంది. దానికి కారణం ఓడదొంగల భయం. ఊరి నడుమనున్న శాన్ బార్తొమేవు చర్చిని చూస్తే ఆ భయం ఎంతటిదో తెలుస్తుంది. గోడలు కోటగోడల్లా ఉంటాయి. తలుపు బద్దలు కొట్టడానికి వచ్చిన శత్రువు నెత్తిన చేతికందింది కుమ్మరించేందుకు ద్వారం పైన ప్రత్యేకంగా చోటు కట్టారు. చర్చికైనా, ఇళ్ల కిటికీ చట్రాలకైనా వాడింది తీరం వెంబడి కోసి తెచ్చిన తోస్కా అనే తేనెరంగు రాయే. సాయంత్రపు ఎండ దాని మీద పడినప్పుడు ఊరంతా బెల్లం రంగుకు తిరుగుతుంది. వలెన్సియా చిత్రకారుడు హొవాకిన్ సొరోయా 1896లో తొలిసారి ఇక్కడికి వచ్చాడు. ఈ నీళ్ల మీది వెలుగును బొమ్మ కట్టడానికి ఆ తర్వాత కూడా మళ్లీ వచ్చాడు.

చూడాల్సినవి అంతకు మించి పెద్దగా లేవు. విల్లా సెలవులకు వచ్చినవారికి అదే కావాలి.

రెండైతేనే మిట్టమధ్యాహ్నం

ఇక్కడి రోజుకు అలవాటు పడాలంటే ముందు గడియారం సంగతి తెలుసుకోవాలి. గ్రీనిచ్ రేఖ షాబియాకు కొద్ది దూరం పడమరగా ఈ ప్రావిన్స్ మీదుగానే పోతుంది. సూర్యుడి లెక్కన ఇక్కడి సమయం లండన్ సమయమే కావాలి. కానీ 1940లో ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను గంట ముందుకు జరిపి దేశాన్ని బెర్లిన్ సమయంలో పెట్టింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలేవీ దాన్ని వెనక్కి తిప్పలేదు. వేసవిలో దానికి మరో గంట కలుస్తుంది. అందుకే గడియారం రెండు కొట్టే వేళకు గానీ సూర్యుడు నడినెత్తికి రాడు. జూన్ నెలాఖరులో రాత్రి తొమ్మిదిన్నర దాటాక కూడా వెలుతురు ఉంటుంది. స్పెయిన్ వాళ్లు మధ్యాహ్నం రెండున్నరకు, రాత్రి తొమ్మిదిన్నరకు భోంచేస్తారని ఆశ్చర్యపోయేవారు సూర్యుణ్ని చూస్తే అది సరైన వేళేనని ఒప్పుకుంటారు.

రెండు నుంచి అయిదు దాకా చిన్న దుకాణాలు మూసేస్తారు. ఇళ్ల కిటికీలకు బయటివైపు ఉండే షట్టర్లు దిగిపోతాయి. వీధిలో పిల్లి కూడా కనిపించదు. ఆ వేళలో ఈతకొలనులో కేకలు పెడితే పక్కింటివారికి నచ్చదు. వేసవి మధ్యాహ్నం తలుపులు దగ్గరగా వేసి చాప మీద నడుం వాల్చే అలవాటున్న తెలుగువారికి ఈ ఏర్పాటు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నగరాలకు వెళ్లి, ఏసీ ఆఫీసుల్లో చేరి ఆ కునుకును పోగొట్టుకున్న తరానికే అది కొత్త.

మొదటి రెండు రోజులు ఎవరికీ కుదురుండదు. డబ్బు పోసి ఇంతదూరం వచ్చి ఊరికే కూర్చున్నామన్న గుబులు పీకుతుంది. ఎవరో ఒకరు బార్సిలోనాకు కారులో ఎంతసేపని లెక్కలు వేస్తారు. పోనురానూ ఒక రోజంతా కారులోనే గడుస్తుందని తేలాక ఆ మాట వదిలేస్తారు. మూడోరోజుకు గానీ ఇల్లు తన పని మొదలుపెట్టదు. పొద్దున్నే లేచే పెద్దాయన బేకరీకి నడిచివెళ్లి రొట్టె తెచ్చే పని తలకెత్తుకుంటారు. ఫోన్లు పక్కన పెట్టని కుర్రాళ్లు తాతయ్యకు ఈత నేర్పుతానని పందెం కాస్తారు. ఏడాదికోసారి పెళ్లిలోనో చావులోనో కలుసుకునే అన్నదమ్ములు, ఎప్పుడూ సగంలో ఆగిపోయే మాటలు రాత్రి పన్నెండింటికి వసారాలో పూర్తిచేస్తారు.

అంతా సవ్యంగా సాగుతుందని కాదు. ఏసీ ఉన్న గది ఎవరికి, పెట్రోలు ఖర్చు ఎవరిది, పిల్లలున్నవాళ్లు ఎంత, లేనివాళ్లు ఎంత ఇవ్వాలి అన్న పేచీలు తప్పవు. వీటన్నిటికన్నా పెద్దది వంటిల్లు. హోటల్ సెలవుల్లో ఆడవాళ్లకు కనీసం పొయ్యి నుంచి విముక్తి దొరికేది. విల్లాలో పన్నెండు మందికి కాఫీలు, టిఫిన్లు, రెండుపూటలా అన్నాలు చేస్తూ వారం గడిపితే ఇంట్లో ఉన్నా ఒకటే, స్పెయిన్‌లో ఉన్నా ఒకటే. అనుభవమున్న కుటుంబాలు బయల్దేరకముందే వంతులు వేసుకుంటాయి. ఒక పూట ఒక జంట, అందులో మగవాళ్లకు మినహాయింపు లేదు. రెండు మూడు పూటలు బయట తినాలి. ఈ ఒక్క నియమం కుదిరితే సెలవు అందరికీ సెలవవుతుంది.

బియ్యం దొరికే తీరం

వంట చేయాలనిపించే సరుకు మాత్రం ఇక్కడ పుష్కలం. గురువారం షాబియా సంత. టమాటాలు, వంకాయలు, అంజూర పళ్లు, బాదం గుట్టలుగా పోస్తారు. పనిదినాల్లో సాయంత్రం పడవలు రేవుకు చేరగానే చేపల వేలం జరుగుతుంది. పొరుగున ఉన్న డేనియా పేరుతో పిలిచే ఎర్ర రొయ్య ఈ తీరానికి గర్వకారణం. లోతు నీళ్లలో పట్టే ఈ రొయ్య ఖరీదు మామూలు రొయ్యకు ఎన్నోరెట్లు. ఉప్పునీళ్లలో ఉడికించడమో, పెనం మీద కాల్చడమో తప్ప మసాలా జోలికి పోరు. వంటల సంప్రదాయానికి గాను డేనియాను 2015లో యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది.

తెలుగువారిని ఇంకా దగ్గరకు లాగేది అన్నం. యూరప్‌లో మరెక్కడ తిరిగినా రొట్టెలతో విసిగేవారికి వలెన్సియా ప్రాంతంలో ఊరట దొరుకుతుంది. డేనియాకు దగ్గర్లోని పేగో చిత్తడి నేలల్లో ఇప్పటికీ వరి పండుతుంది. వరిని, దానికి నీరందించే కాలువల పద్ధతిని ఇక్కడ విస్తరింపజేసింది అరబ్బులు. బియ్యానికి స్పానిష్ మాట అర్రోస్ కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. చేపల పులుసులో అన్నం వండి, చేపను వేరే పళ్లెంలో పెట్టే అర్రోస్ ఆ బాండా ఒకప్పుడు జాలర్ల తిండి. ఇప్పుడది రెస్టారెంట్ల ప్రత్యేకత. శాకాహారులు మాత్రం ముందే అడగాలి. వలెన్సియా పాయెయాలో కోడి, కుందేలు మాంసం మామూలు. కూరగాయల అన్నం అని రాసినా చేపరసంతో వండి ఉండవచ్చు. వారికి ఎస్పెన్కాట్ బాగా నచ్చుతుంది. వంకాయను, ఎర్ర క్యాప్సికమ్‌ను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, చీలికలు చేసి ఆలివ్ నూనె పోస్తారు. పైన వేసే ఎండుచేప ముక్కలు వద్దని చెబితే చాలు. కాల్చిన వంకాయ పచ్చడికి దూరపు చుట్టం అనిపిస్తుంది. కారం మాత్రం వెంట తీసుకెళ్లాల్సిందే.

కమానుల కింద చరిత్ర

ఈ తీరపు విల్లాల్లో అందరూ ఎక్కువసేపు గడిపేది గదుల్లో కాదు, ముందున్న కమానుల వసారాలో. అక్కడి విల్లాల యాసలో దాన్ని నాయా అంటారు. నీడా, గాలీ, సముద్రమూ ఒకేచోట దొరికే ఆ వసారా సెలవుల కోసం పుట్టింది కాదు. దాని పూర్వరూపం పేరు రియురావ్. షాబియా, డేనియా పరిసర పల్లెల్లో పాత పొలం ఇళ్లను ఆనుకుని వరసగా కమానులతో అవి ఇంకా నిలిచి ఉన్నాయి.

19వ శతాబ్దంలో ఈ ప్రాంతం ఎండుద్రాక్ష మీద బతికింది. మస్కట్ ద్రాక్ష గుత్తులను క్షారం కలిపి మరిగించిన నీళ్లలో ఒక్క క్షణం ముంచి తీసేవారు. తొక్క సన్నగా చిట్లి త్వరగా ఎండేది. తర్వాత రెల్లు తడికల మీద పరిచి ఆగస్టు, సెప్టెంబరు ఎండల్లో ఆరబెట్టేవారు. రాత్రి మంచు కురిసినా, వాన మబ్బు కనిపించినా ఇంటిల్లిపాదీ పరుగెత్తి తడికలను కమానుల కిందకు చేర్చాలి. కల్లంలో మిర్చి ఆరబోసి ఆకాశం వైపు చూసే పల్నాడు రైతుకు ఆ హడావిడి ఎలాంటిదో తెలుసు. సరుకు డేనియా రేవు నుంచి ఓడల్లో ఇంగ్లండ్‌కు, అమెరికాకు పోయేది. ఆంగ్లేయుల క్రిస్మస్ పుడ్డింగుల్లో పడింది చాలామటుకు ఈ ద్రాక్షే. వ్యాపారం కోసం డేనియాలో స్థిరపడిన ఆంగ్లేయులకు అక్కడొక శ్మశానవాటిక కూడా ఉంది. ఆ తర్వాత ఇతర దేశాల ఎండుద్రాక్ష పోటీకి వచ్చింది. ఫిలాక్సెరా అనే పురుగు తెగులు తోటలను తినేసింది. 20వ శతాబ్దం మొదట్లోనే వ్యాపారం కుప్పకూలింది. ఎన్నో కుటుంబాలు పొట్ట చేతపట్టుకుని వలసపోయాయి.

ఈ నేల యజమానులను మార్చడం అది మొదటిసారి కాదు. 1609లో మూడో ఫిలిప్ రాజు మోరిస్కోలను, అంటే బలవంతంగా క్రైస్తవం పుచ్చుకోవలసివచ్చిన ముస్లింల సంతతిని, దేశం నుంచి వెళ్లగొట్టాడు. తరతరాలుగా ఈ లోయల్లో కాలువలు తవ్వి పంటలు పండించిన కుటుంబాలను డేనియా, షాబియా రేవుల నుంచే ఓడలెక్కించి ఉత్తర ఆఫ్రికాకు పంపారు. ఖాళీ అయిన ఊళ్లకు మయోర్కా ద్వీపం నుంచి జనాన్ని తెచ్చి నింపారు. 1960ల తర్వాత వంతు పర్యాటకులది. ద్రాక్ష తోటలున్న వాలుల్లో, పైన్ చెట్ల నడుమ వేలాది విల్లాలు లేచాయి. సుమారు 30 వేల జనాభా ఉన్న షాబియాలో ఇప్పుడు దాదాపు సగం మంది విదేశీయులే. వారిలో బ్రిటిష్‌వారు ముందుంటారు.

ఎవరి ఇల్లు?

2024లో స్పెయిన్‌కు వచ్చిన విదేశీ పర్యాటకులు దాదాపు 9.4 కోట్లు. దేశ జనాభా 5 కోట్ల లోపే. పర్యాటకం లేకపోతే ఈ తీరం గడవదు. విల్లాలు శుభ్రం చేసేవారు, కొలనులు చూసుకునేవారు, తోటమాలులు, వడ్డించేవారు, చేపలు పట్టేవారు అందరి జీతభత్యాలూ దానితోనే ముడిపడి ఉన్నాయి. కానీ ఆ పనులు చేసేవారికే ఉండటానికి ఇల్లు దొరకడం కష్టమైంది. వారానికొకరికి ఇస్తే వచ్చే డబ్బు ముందు ఏడాది పొడవునా ఉండే స్థానికుడి అద్దె ఏపాటి? పర్యాటక తీరాల్లో ఉపాధ్యాయులకు, నర్సులకు సెప్టెంబరు నుంచి జూన్ వరకే ఇల్లు అద్దెకిచ్చి, వేసవి రాగానే ఖాళీ చేయించడం మామూలైపోయింది.

ఆ కోపం 2024లో రోడ్డెక్కింది. ఏప్రిల్‌లో కెనరీ దీవుల్లో వేలాది మంది ఊరేగారు. జూలైలో బార్సిలోనా నిరసనకారులు హోటళ్ల ముందు కూర్చున్న పర్యాటకుల మీద బొమ్మ తుపాకులతో నీళ్లు చిమ్మారు. నగరంలోని దాదాపు పదివేల పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగించబోమని బార్సిలోనా పాలకులు ఆ జూన్‌లోనే ప్రకటించారు. షాబియా ఉన్న వలెన్సియా ప్రాంత ప్రభుత్వం అంతదూరం పోలేదు. పర్యాటక ఇళ్ల రిజిస్ట్రేషన్‌కు అయిదేళ్ల గడువు పెడుతూ, ఒక్కో బసను పది రోజులకు పరిమితం చేస్తూ 2024 ఆగస్టులో నిబంధనలు బిగించింది. 2025 జూలై 1 నుంచి ఆన్‌లైన్‌లో అద్దెకు పెట్టే ఇళ్లకు దేశవ్యాప్త రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి.

కొండవాలున కొలనుతో సహా కట్టిన విల్లాలో స్థానిక నర్సు ఎలాగూ ఉండలేదు కదా అని విల్లాల యజమానులు వాదిస్తారు. అందులో కొంత నిజముంది. కానీ ఇల్లు తాగే నీళ్లు అందరివీ. 2024 వేసవిలో కరవు ముదిరి, బావుల్లోకి ఉప్పునీరు చొరబడి, పక్కనున్న తెవులాదా, బెనితాచెల్ పట్టణాల్లో కొళాయి నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం ఉన్న షాబియా ఆ గండం నుంచి బయటపడింది. నిప్పు సంగతీ అంతే. 2016 సెప్టెంబరులో గ్రనడెల్లా అడవిలో చెలరేగిన మంటలు 800కు పైగా హెక్టార్లను బూడిద చేశాయి. విల్లాల్లో ఉన్నవారు కట్టుబట్టలతో బయటపడ్డారు. ఆ అడవి చివరనున్న గులకరాళ్ల తీరం షాబియాలోకెల్లా అందమైనది. వేసవిలో అక్కడికి వెళ్లే కార్లను ఇప్పుడు పరిమితం చేస్తున్నారు.

అతిథి మర్యాదలు

వెళ్లదలచినవారికి అలికాంతే, వలెన్సియా విమానాశ్రయాలు రెండూ వంద కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటాయి. షాబియాకు రైలు లేదు. కారు తీసుకోవాలి. భారతీయ లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే సంపాదించుకుని వెళ్లాలి. తీరం వెంబడి సాగే ఏపీ-7 రహదారికి 2020 నుంచి టోలు లేదు. షెంగెన్ వీసాకు అందరి పేర్ల మీదా బస వివరాలు చూపాలి కాబట్టి, ఇల్లు బుక్ చేసేటప్పుడే ఒప్పంద పత్రంలో అన్ని పేర్లూ ఉండేలా చూసుకోవడం మంచిది. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు లేని ఇల్లు ఎంత చవకైనా తీసుకోకూడదు. 2024 డిసెంబరు నుంచి యజమానులు అతిథుల వివరాలు అధికారులకు పంపాలి. అందుకే పాస్‌పోర్టులు అడిగితే అనుమానపడనక్కర్లేదు. జూలై, ఆగస్టుల్లో ధరా ఎక్కువే, రద్దీ ఎక్కువే. సెప్టెంబరులో సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది. పొరుగునున్న హెసుస్ పోబ్రే గ్రామంలో ఆదివారం సంత జరిగేది అచ్చమైన రియురావ్ కమానుల కిందే.

మంటల హెచ్చరిక ఉన్న రోజుల్లో బయట బార్బెక్యూ వెలిగించకూడదు. ఈతకొలను ఉంది కదా అని స్నానాలు గంటల తరబడి చేయకూడదు. పెద్ద సూపర్‌మార్కెట్ నుంచే అంతా తెచ్చుకోకుండా సంతలో, రేవులో కొంటే వారం సెలవు డబ్బు ఊళ్లోనే ఉంటుంది.

శనివారం ఇళ్లు చేతులు మారతాయి. చాలాచోట్ల ఉదయం పదింటికి తాళాలు అప్పగించాలి. సాయంత్రం నాలుగింటికి మరో కుటుంబం దిగుతుంది. నడుమ ఉన్న ఆరు గంటల్లో పన్నెండు మంది దుప్పట్లు మార్చి, వంటిల్లు కడిగి, కొలనులో పడిన పైన్ ఆకులు ఏరే మనుషులు వస్తారు. సముద్రం కనిపించే ఆ వాలున వారికి ఇల్లు ఉండదు. అద్దెలు తక్కువున్న లోపలి ఊళ్ల నుంచి కారులో వస్తారు. గిన్నెలు కడిగి, చెత్త వేరుచేసి, వసారా ఊడ్చి వెళ్తే వారికి ఒక గంట మిగులుతుంది. ఏడు రోజులు తీరిక అనుభవించిన కుటుంబం ఆ గంట వారికి మిగల్చడం పెద్ద పనేమీ కాదు.